మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల్లో ఉపాధి కార్యాలయంలో పేరు నమోదు: మరాఠీ చదవలేని తెలుగువారు ఎలా చేసుకోవాలి

చంద్రపూర్, గడ్చిరోలి, నాందేడ్ జిల్లాల్లో ఉంటున్న తెలుగువారు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "ఎంప్లాయిమెంట్ ఆఫీసులో పేరు రాయించుకుని ఏళ్లు గడిచాయి, ఒక్క పిలుపూ రాలేదు, కారణమేమిటి?" అని. ఖాళీలు తక్కువ, పేర్లు ఎక్కువ అన్నది ఒక కారణం. దానికి ఈ వ్యాసంలో మందు లేదు. అయితే అడిగినవారి నమోదు కాగితాన్ని తెప్పించి చూస్తే చాలాసార్లు వేరే సంగతులు బయటపడతాయి. పేరు ఆధార్‌లో ఒక రకంగా, ఇక్కడ ఇంకో రకంగా ఉంటుంది. వెల్డింగ్ పని చేసే మనిషి వృత్తి దగ్గర 'శేతీ', అంటే సేద్యం అని ఉంటుంది. ఫోన్ నంబరు దరఖాస్తు నింపిన దుకాణదారుడిది అయి ఉంటుంది. అటువంటప్పుడు పిలుపు వచ్చినా అది మన దాకా చేరదు.

బల్లార్‌పూర్ కాగితం మిల్లు చుట్టుపక్కల, రాజురా బొగ్గు గనుల దగ్గర, గడ్‌చాందూర్ సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర స్థిరపడినవారిలో చాలామందికి మాట్లాడే మరాఠీ పనికి సరిపడా వచ్చు. హిందీ అయితే ఇంకా బాగా వచ్చు. అడ్డంకి రాతలో ఉంది. సిరోంచ వంటి చోట్ల తరతరాలుగా ఉన్న కుటుంబాల్లో మరాఠీ మాధ్యమంలో చదువుకున్న పిల్లలకు ఈ ఇబ్బంది తక్కువే గానీ, వారి తల్లిదండ్రులకూ, మంచిర్యాల, భూపాలపల్లి వైపు నుంచి కోడళ్లుగా వచ్చిన ఆడవారికీ ఎక్కువగానే ఉంటుంది. అందువల్ల ఇక్కడ చెప్పేదంతా ఒక లక్ష్యంతోనే సాగుతుంది: మీ పేరు, మీ వృత్తి, మీ చదువు, మీ ఫోన్ నంబరు ఆ రికార్డులోకి తప్పు లేకుండా ఎక్కాలి, ఎక్కాయని మీరే సరిచూసుకోగలగాలి. గ్రామాల్లో రోజ్‌గార్ హమీ, అంటే ఉపాధి హామీ, పనుల కోసం పేరు నమోదు చేసుకునే పద్ధతి వేరు కనుక దాన్ని ఇందులో కలపడం లేదు.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- ఆధార్ కార్డు, దానికి జోడించి ఉన్న మీ సొంత మొబైల్ నంబరు. నంబరు జోడించి లేకపోతే ముందు ఆధార్ కేంద్రానికి వెళ్లి ఆ పని చేసుకోండి. దానికి వేరే పత్రాలేవీ అక్కర్లేదు, మీరు స్వయంగా వెళితే చాలు.
- పదో తరగతి మెమో నుంచి చివరి చదువు దాకా ఉన్న పత్రాలు. ఐటీఐ చేసినవారైతే ట్రేడ్ సర్టిఫికెట్.
- ప్రస్తుత చిరునామాకు రుజువు: రేషన్ కార్డు, కరెంటు బిల్లు, అద్దె ఒప్పందం వంటివి.
- పాస్‌పోర్టు సైజు ఫొటోలు, ఒక నోటు పుస్తకం, పెన్ను.
- మీ వివరాలను మరాఠీ లిపిలోనూ, ఇంగ్లీషులోనూ రాయించుకున్న ఒక చీటీ. ఈ జాబితాలో అన్నిటికన్నా విలువైనది ఇదే. దీన్ని ఎలా తయారు చేయాలో రెండో అడుగులో ఉంది.

1. సరైన కార్యాలయాన్ని ఎంచుకోండి

మనం ఎంప్లాయిమెంట్ ఆఫీసు అని పిలిచే చోటికి ఇప్పుడు బోర్డు మీద ఉండే పేరు చాలా పొడవు: 'జిల్హా కౌశల్య వికాస్, రోజ్‌గార్ వ ఉద్యోజకతా మార్గదర్శన్ కేంద్ర'. బోర్డు మీద 'రోజ్‌గార్' అనే మాట కోసం చూడండి. 'జిల్హా ఉద్యోగ్ కేంద్ర' అని ఉన్న కార్యాలయంలోకి వెళ్లకండి. మరాఠీలో 'ఉద్యోగ్' అంటే పరిశ్రమ. అది చిన్న పరిశ్రమలు పెట్టేవారికి రుణాలు, రాయితీల సంగతి చూసే కార్యాలయం. అక్కడ వరుసలో నిలబడి సగం పూట పోగొట్టుకునేవారు ఎప్పుడూ కొందరు ఉంటారు. మనం ఉద్యోగం అనేదాన్ని మరాఠీలో 'నోకరీ' అంటారు.

నమోదుకు మూడు దారులున్నాయి. మీ పరిస్థితిని బట్టి ఒకటి గానీ, రెండు గానీ ఎంచుకోవచ్చు.

మొదటిది మహారాష్ట్ర ప్రభుత్వ 'మహాస్వయం' పోర్టల్. జిల్లా రోజ్‌గార్ కేంద్రం నమోదు దీని ద్వారానే జరుగుతుంది. ఇందులో మరాఠీ, ఇంగ్లీషు ఉంటాయి. రెండోది 2015లో కేంద్ర కార్మిక శాఖ ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీస్. ఇతర రాష్ట్రాల్లోని ఖాళీలు కూడా ఇందులో కనిపిస్తాయి కాబట్టి, రేపు మంచిర్యాలకో హైదరాబాదుకో తిరిగి వెళ్లే ఆలోచన ఉన్నవారికి ఇది మెరుగు. దీని సహాయ నంబరు 1514. ఫోన్ కలిసిన వెంటనే తెలుగులో మాట్లాడేవారు కావాలని అడగండి. మూడోది 2021 ఆగస్టు 26న మొదలైన ఈ-శ్రమ్. ఇది అసంఘటిత కార్మికులది. 16 నుంచి 59 ఏళ్ల మధ్య వయసువారు చేరవచ్చు గానీ, ఈపీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్‌ఐ (కార్మిక బీమా)లలో సభ్యులైనవారు చేరకూడదు. 2025 జనవరి నుంచి ఈ-శ్రమ్ పోర్టల్ తెలుగుతో సహా 22 భాషల్లో దొరుకుతోంది కనుక, మరాఠీ బొత్తిగా రానివారు దీనితో మొదలుపెట్టడం మేలు. దీని సహాయ నంబరు 14434. ఈ-శ్రమ్ నంబరు ఉన్నవారు దాని ఆధారంగా నేషనల్ కెరీర్ సర్వీస్‌లోనూ చేరవచ్చు.

ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. ఈపీఎఫ్ వారిచ్చే సంఖ్యనూ, ఈ-శ్రమ్ వారిచ్చే సంఖ్యనూ రెంటినీ యూఏఎన్ అనే అంటారు, రెండూ 12 అంకెలే. నోటు పుస్తకంలో రాసుకునేటప్పుడు ఏది దేనిదో పక్కన రాసి పెట్టుకోండి.

మూడు నమోదులూ ఉచితమే. మహా ఈ-సేవా కేంద్రంలోనో, కామన్ సర్వీస్ సెంటర్‌లోనో ప్రింటుకు, స్కానింగుకు తీసుకునే చిన్న మొత్తం వేరు. ఉద్యోగం ఇప్పిస్తామని అడిగే డబ్బు మాత్రం ఏ దశలోనూ ఇవ్వవలసింది కాదు.

సిరోంచ నుంచి గడ్చిరోలి దాదాపు 200 కిలోమీటర్లు. అంత దూరం నుంచి వెళ్లేవారు ముందు ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుని, సరిదిద్దించుకోవలసింది ఏమైనా ఉంటేనే జిల్లా కేంద్రానికి వెళ్లడం మంచిది.

2. రెండు లిపుల చీటీ తయారు చేసుకోండి

మహారాష్ట్ర దరఖాస్తుల్లో పేరుకు మూడు గళ్లు ఉంటాయి: నావ్ అంటే మీ పేరు, వడిలాంచే నావ్ అంటే తండ్రి పేరు, ఆడ్‌నావ్ అంటే ఇంటిపేరు. పెళ్లయిన ఆడవారికి నడుమ గడిలో భర్త పేరు రాయడం ఇక్కడి వాడుక. మన పత్రాల్లో ఇంటిపేరు ముందుంటుంది, అది కూడా చాలాసార్లు ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది, తండ్రి పేరు వేరే వరుసలో ఉంటుంది. ఇంటిపేరు దుర్గం, పేరు రాజ్‌కుమార్, తండ్రి పేరు పోచయ్య అనుకుందాం. తెలియని ఆపరేటర్ దీన్ని దుర్గం పేరుగా, రాజ్ తండ్రి పేరుగా, కుమార్ ఇంటిపేరుగా మూడు గళ్లలో పంచేస్తాడు. సరైన పద్ధతిలో పేరు గడిలో రాజ్‌కుమార్, నడుమ గడిలో పోచయ్య, చివరి గడిలో దుర్గం ఉండాలి. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగానే ఉంటే దరఖాస్తులోనూ అలాగే ఉంచాలా అని అడుగుతారు. పోర్టల్ ఆధార్‌తో పోల్చి చూసే చోట ఆధార్‌లో ఉన్నట్టే ఉంచండి. వీలు చూసుకుని ఆధార్‌ను పదో తరగతి మెమోకు అనుగుణంగా సరిచేయించుకోండి. మెమోను మార్పించడం కన్నా ఆధార్‌ను మార్పించడం తేలిక.

తరువాత అక్షరాల సంగతి. మన పేర్లను ఇంగ్లీషులో రాసేటప్పుడు 'త'కు టీ, హెచ్ రెండూ వాడతాం. మరాఠీవారు ఆ జంటను 'థ' అని చదువుతారు. ఇంగ్లీషు చూసి మరాఠీలో టైపు చేసే ఆపరేటర్ చేతిలో లత 'లథా' అవుతుంది, స్వాతి 'స్వాథీ' అవుతుంది. అయ్యతో ముగిసే పేర్ల గతి ఇంకా అధ్వానం. మల్లయ్య, లింగయ్య, ఎల్లయ్య వంటి పేర్లు పలకడానికి వీల్లేని రూపాలు ఎత్తుతాయి. అందువల్ల మరాఠీ చదువుకున్న తెలుగు పిల్లవాడి చేతనో, స్థానిక ఉపాధ్యాయుడి చేతనో మీ పేరు, తండ్రి లేక భర్త పేరు, ఇంటిపేరు, ఊరు, వృత్తి ఒక్కసారి మరాఠీలో శుభ్రంగా రాయించుకుని, పక్కన ఆధార్‌లోని ఇంగ్లీషు స్పెల్లింగు రాసి, ఆ చీటీని ఫొటో తీసి ఫోన్‌లో దాచుకోండి. ఎక్కడికి వెళ్లినా "ఇది చూసి రాయండి" అని చీటీయే ఇవ్వండి. నోటితో పేరు చెప్పకండి.

చిరునామాకు మరాఠీ కాగితాల్లో నాలుగు పొడి అక్షరాల క్రమం ఉంటుంది: ము., పో., తా., జి. అంటే ముక్కామ్ (ఉంటున్న ఊరు), పోస్టు, తాలూకా, జిల్లా. సొంత ఊరు తెలంగాణలో ఉన్నవారు శాశ్వత చిరునామాలో తాలూకా గడి వచ్చిన చోట మండలం పేరు రాయండి. తెలంగాణలో 2016లో జిల్లాలు మారాయి కాబట్టి, పాత పత్రాల్లో ఆదిలాబాద్ అనో కరీంనగర్ అనో ఉండి, ఇప్పుడు మీ ఊరు మంచిర్యాలలోనో పెద్దపల్లిలోనో ఉండవచ్చు. ఆధార్‌లో ఏ జిల్లా ఉందో అదే ఎంచుకోండి.

3. దరఖాస్తు గళ్లు నింపండి

తెలుగు, మరాఠీ రెండింటిలోనూ సంస్కృత పదాలు ఎక్కువ. అందువల్ల సగం తెలిసినట్టే అనిపిస్తుంది, ఆ తెలిసినట్టు ఉండడమే ముంచుతుంది. కింది మాటలను నోటు పుస్తకంలో రాసుకోండి. దరఖాస్తులు చెడేది ఎక్కువగా ఈ గళ్ల దగ్గరే.

- వ్యవసాయ్: ఇది మీ వృత్తి ఏమిటని అడిగే గడి. మనవారు వ్యవసాయం అని చదువుకుని, ఉన్న రెండెకరాల సంగతి రాస్తారు, లేకపోతే భూమి లేదని ఖాళీగా వదిలేస్తారు. సేద్యానికి మరాఠీలో మాట 'శేతీ'. మీరు తాపీ మేస్త్రి అయితే 'గవండీ' అని, వడ్రంగి అయితే 'సుతార్' అని రాయాలి. ఐటీఐ చదివినవారికి ఫిట్టర్‌ను 'జోడారీ' అని, వెల్డర్‌ను 'సంధాతా' అని, ఎలక్ట్రీషియన్‌ను 'వీజ్‌తంత్రీ' అని రాసే అలవాటు కనిపిస్తుంది. ఇంగ్లీషు పేరు రాసినా చెల్లుతుంది.
- శిక్షణ్, లేదా శైక్షణిక పాత్రతా: ఇది చదువు. మనం శిక్షణ అనేది వారి 'ప్రశిక్షణ్'. కంప్యూటర్ కోర్సు వివరాలు శిక్షణ్ గడిలో రాసి, పదో తరగతి వదిలేసినవారు ఉన్నారు.
- పదవీ: డిగ్రీ. పదవికా: డిప్లొమా. పదవి అనగానే ఇదివరకు చేసిన ఉద్యోగం పేరు రాయకండి.
- దహావీ, బారావీ: పదో తరగతి, పన్నెండో తరగతి. ఇంటర్మీడియట్ అనే మాట ఇక్కడివారికి కొత్తగా అనిపించవచ్చు; అది బారావీకి సమానం కాబట్టి ఆ వరుసనే ఎంచుకుని, బోర్డు పేరు దగ్గర మీ రాష్ట్ర ఇంటర్మీడియట్ బోర్డు పేరు రాయండి.
- సధ్యాచా పత్తా, కాయమ్‌చా పత్తా: ప్రస్తుత చిరునామా, శాశ్వత చిరునామా. ప్రస్తుత చిరునామాలో సొంత ఊరు రాస్తే మీ పేరు ఈ జిల్లా జాబితాలోకి రాదు.
- సహీ, స్వాక్షరీ: సంతకం. దినాంక్: తేదీ.

దరఖాస్తు చివర 'మీ' అని మొదలయ్యే ఒక వాక్యం తరచుగా ఉంటుంది. మరాఠీలో 'మీ' అంటే నేను. అది పైన రాసినదంతా నిజమని మీరు ఇచ్చే హామీ. దాన్ని చదివించుకోకుండా సంతకం పెట్టకండి.

అంకెల విషయంలోనూ జాగ్రత్త అవసరం. మరాఠీ ఒకటి మనం వాడే 9లా, మరాఠీ నాలుగు తల తెరిచిన 8లా కనిపిస్తాయి, ఆరు తిప్పి రాసిన 3లా ఉంటుంది. పుట్టిన తేదీ, ఫోన్ నంబరు మీరు రాసేటప్పుడు మామూలు అంకెల్లోనే రాయండి. వారు మరాఠీ అంకెల్లో రాసినదాన్ని సరిచూడడానికి ఒకటి నుంచి తొమ్మిది దాకా వరుసగా ఎవరి చేతనైనా రాయించుకుని దగ్గర ఉంచుకుంటే సరిపోతుంది.

కులం గడి, 'జాత్ ప్రవర్గ్', దగ్గర కాసేపు ఆగాలి. తెలంగాణలో లేదా ఆంధ్రప్రదేశ్‌లో ఇచ్చిన ఎస్సీ, ఎస్టీ ధ్రువపత్రం ఆధారంగా, వలస వచ్చిన వ్యక్తి మహారాష్ట్ర రాష్ట్ర రిజర్వేషన్ కోరలేడు. సుప్రీంకోర్టు 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో ఈ సంగతి తేల్చింది. ఆ కేసు ఆంధ్ర నుంచి బొంబాయికి వెళ్లిన కుటుంబానిదే. మీ దగ్గర మహారాష్ట్ర జారీ చేసిన కుల ధ్రువపత్రం లేకపోతే ఈ గడిలో ఏమి రాయాలో కార్యాలయంలోనే అడిగి రాయండి. ఆపరేటర్ తనకు తోచింది నొక్కేస్తే తరువాత పత్రాల పరిశీలనలో మీరే జవాబు చెప్పుకోవలసి వస్తుంది. 'అధివాస్' అనే స్థిరనివాస ధ్రువపత్రానికి మహారాష్ట్రలో 15 ఏళ్ల నివాసం చూపాలి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగ ప్రకటనల్లో దీన్ని అడుగుతారు. ఏళ్లు కలిపి చూపిస్తామని చెప్పే దళారుల మాట వినకండి.

జీవతి తాలూకాలో రెండు రాష్ట్రాల మధ్య వివాదంలో ఉన్న గ్రామాలవారి దగ్గర రెండు వైపులా ఇచ్చిన కార్డులు ఉంటాయి. వారు ఒక దరఖాస్తుకు ఒక రాష్ట్రపు కాగితాలనే జోడించాలి. కలిపితే పోలిక కుదరక దరఖాస్తు నిలిచిపోతుంది.

4. నింపేవారి సహాయం ఎలా తీసుకోవాలి

చాలామంది సేవా కేంద్రంలో కూర్చున్న ఆపరేటర్ చేతనే నింపించుకుంటారు. అందులో తప్పేమీ లేదు. రెండు నియమాలు మాత్రం విడవకండి. మొబైల్ నంబరు, ఈమెయిల్ మీవే ఉండాలి. "నాది పెడతాను, పని తొందరగా అయిపోతుంది" అంటే ఒప్పుకోకండి. పాస్‌వర్డును మీ కళ్ల ముందే పెట్టించుకుని, మీ నోటు పుస్తకంలో రాసుకోండి. ఓటీపీ ఆపరేటర్‌కు చెప్పవలసి వస్తే, మీరు తెర ముందు కూర్చుని ఉన్నప్పుడు మాత్రమే చెప్పండి.

దుబాసీగా మరాఠీ చదువుకున్న పొరుగు తెలుగువారిని తీసుకువెళ్లడం అన్నిటికన్నా మంచిది. బడి పిల్లలు అక్షరాలు చదవగలరు గానీ, కుల ధ్రువపత్రం, నివాసం వంటి విషయాల్లో వారి మీద బరువు పెట్టడం సరికాదు. మిమ్మల్ని పనికి తెచ్చిన గుత్తేదారును గానీ, ముకద్దంను (కూలీల ముఠా పెద్దను) గానీ ఈ పనికి తోడు తీసుకువెళ్లకండి. మీరు వేరే పని వెతుక్కోవడం అతనికి నచ్చకపోవచ్చు. మీ వృత్తిని కూలీ అని రాయించి ఊరుకున్నా మీకు తెలియదు.

ఎవరూ దొరకకపోతే ఫోన్ కెమెరాతో గూగుల్ అనువాదం వాడవచ్చు. మరాఠీ నోటీసును తెలుగులో చూపిస్తుంది, సారాంశం తెలుసుకోవడానికి సరిపోతుంది. పేర్లకు, తేదీలకు, పైన చెప్పిన గళ్లకు మాత్రం దాన్ని నమ్ముకోకండి.

5. కౌంటర్ దగ్గర

భయపడి తల ఊపి వచ్చేయడం వల్ల జరిగే నష్టం ఎక్కువ. అర్థం కాలేదని చెప్పడానికి, కాగితం అడగడానికి నాలుగు వాక్యాలు చాలు. వీటిని పైకి చదివి అలవాటు చేసుకోండి.

- "మలా నావ్ నోందణీ కరాయచీ ఆహే." (నేను పేరు నమోదు చేసుకోవాలి.)
- "మలా మరాఠీ వాచతా యేత్ నాహీ, కృపయా వాచూన్ దాఖవా." (నాకు మరాఠీ చదవడం రాదు, దయచేసి చదివి వినిపించండి.)
- "కృపయా హళూ బోలా." (దయచేసి నెమ్మదిగా మాట్లాడండి.)
- "మలా పోచ్ పావతీ ద్యా." (నాకు అందినట్టు రసీదు ఇవ్వండి.)

ఈ మాటల తరువాత హిందీలోకి మారితే ఎవరూ ఏమీ అనుకోరు. మొదటి వాక్యం మరాఠీలో ఉంటే ఎదుటివారి ముఖం మారుతుంది, అది మానవ సహజం.

రసీదు లేకుండా బయటికి రాకండి. ఆన్‌లైన్ నమోదైతే నమోదు సంఖ్య ఉన్న పేజీని ప్రింటు తీయించండి. ఫొటో ఒక్కటే సరిపోదు. ఫోన్ పోతే దానితోపాటు అదీ పోతుంది.

6. సరిచూసుకోవడం

ఈ అడుగును దాటవేసేవారే ఎక్కువ. ప్రింటు చేతికి రాగానే అక్కడే నిలబడి మీ చీటీని దాని పక్కన పెట్టి, అక్షరం అక్షరం పోల్చండి. మీకు మరాఠీ చదవడం రాకపోయినా రెండు ఆకారాలు ఒకటేనా కాదా అని చూడగలరు. చీటీ అవసరం ఇక్కడే తెలుస్తుంది. పేరు, నడుమ పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ, వృత్తి, చదువు, ప్రస్తుత జిల్లా, ఫోన్ నంబరు, ఈ క్రమంలో చూడండి. తప్పు కనబడితే వెంటనే సరిచేయించండి. ఒకసారి మీరు బయటికి వచ్చాక అదే పనికి మళ్లీ వరుస, మళ్లీ డబ్బు.

ఇంటికి వచ్చాక మీ ఫోన్‌తో గానీ, వేరేవారి ఫోన్‌తో గానీ పోర్టల్‌లోకి మీరే ప్రవేశించి చూడండి. ఓటీపీ మీ నంబరుకు వచ్చిందా? రాకపోతే నమోదులో వేరే నంబరు ఉన్నట్టే. లోపలికి వెళ్లాక మీ వృత్తి, మీ జిల్లా ఎంచుకుని ఖాళీలు వెతకండి. మీకు తగిన ఖాళీ ఒకటి కనిపించి, దానికి దరఖాస్తు చేయబోతే అర్హత లేదని పోర్టల్ చెబితే, చాలావరకు చదువు లేదా వృత్తి గడి తప్పుగా నిండి ఉంటుంది. ఈ-శ్రమ్‌లో వృత్తిని జాతీయ వృత్తుల వర్గీకరణలోని జాబితా నుంచి ఎంచుకోవాలి. 'ఇతర కూలీ' వంటి వరుసను ఆపరేటర్లు సులువు కోసం ఎంచుకుంటారు, దాన్ని మార్పించుకోండి. వలస కార్మికులా అనే ప్రశ్నకు జవాబు ఏమని ఉందో కూడా చూసుకోండి.

ఫోన్ నంబరు మారినప్పుడు, కొత్త చదువో అనుభవమో చేరినప్పుడు నమోదును మార్చాలి. మారిన సిమ్ కార్డు వల్ల పోయిన పిలుపులు భాష వల్ల పోయినవాటికన్నా తక్కువేమీ కాకపోవచ్చు.

7. ప్రకటనలు, రోజ్‌గార్ మేళావాలు

జిల్లా కేంద్రాలు నడిపే ఉద్యోగ మేళాను 'రోజ్‌గార్ మేళావా' అంటారు. ప్రకటన మరాఠీ పత్రికల్లోనూ, కార్యాలయం గోడ మీదా, పోర్టల్‌లోనూ వస్తుంది. అందులో 'రిక్త పదే' అంటే ఖాళీలు, 'శేవట్‌చీ తారీఖ్' అంటే చివరి తేదీ, 'వయోమర్యాదా' అంటే వయసు పరిమితి, 'కంత్రాటీ' అంటే కాంట్రాక్టు పని, 'పగార్' అంటే జీతం. 'ములాఖత్' అని కనబడితే కంగారు పడకండి. మనకు ఆ మాట జైలు గోడలను గుర్తుచేస్తుంది గానీ, మరాఠీలో అది ఇంటర్వ్యూ.

మరాఠీ రాయడం, చదవడం వచ్చి ఉండాలనే నిబంధన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో తరచుగా ఉంటుంది. 1964 నాటి రాజభాషా చట్టం ప్రకారం మరాఠీ ఇక్కడి పాలనా భాష కాబట్టి దానితో వాదించి లాభం లేదు. భాష రానివారు ముందుగా ప్రైవేటు ఫ్యాక్టరీలు, గనుల కాంట్రాక్టు సంస్థలు, అప్రెంటిస్ అవకాశాల మీద దృష్టి పెట్టి, ఆ లోపు మరాఠీ చదవడం నేర్చుకోవడం నా దృష్టిలో తెలివైన పని. హిందీ చదవగలిగినవారికి లిపి ఇప్పటికే వచ్చు.

మేళావాకు వెళ్లేటప్పుడు బయోడేటా ఇంగ్లీషులో ఒక పేజీకి మించకుండా అయిదారు ప్రతులు తీసుకువెళ్లండి. చేసిన పని పేరు, ఎన్నేళ్లు, ఏ యంత్రం మీద అన్నవి ఉంటే చాలు. కంపెనీవారు చాలావరకు హిందీలోనే మాట్లాడతారు.

8. తిప్పి పంపితే

"మరాఠీలో రాసుకుని రా" అని నమోదు దరఖాస్తును వెనక్కి ఇస్తే, మొదట చీటీ చూపి మర్యాదగా అడగండి, తరువాత ఆన్‌లైన్ దారి ప్రయత్నించండి. అకారణంగా నిరాకరించినా, డబ్బు అడిగినా, రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. ఈ ఫిర్యాదును తెలుగులోనే రాసే హక్కు మీకుంది. కేంద్ర అధికారికైనా రాష్ట్ర అధికారికైనా కష్టం చెప్పుకునే వినతిని, ఆ కేంద్రంలో లేదా రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇవ్వవచ్చని రాజ్యాంగం 350వ అధికరణ చెబుతోంది. ఇది ఫిర్యాదులకు వర్తించేది. నమోదు దరఖాస్తును తెలుగులో నింపే హక్కుగా దీన్ని పొరబడకండి.

ఫిర్యాదులో పొడవైన కథ వద్దు. ఏ తేదీన, ఏ కార్యాలయంలో, ఏ పని కోసం వెళ్లారు, ఏమని తిప్పి పంపారు, మీకు ఏమి కావాలి అన్నవి నాలుగైదు వాక్యాల్లో రాయండి. ఉదాహరణకు: "నేను ఫలానా తేదీన పేరు నమోదు కోసం మీ కేంద్రానికి వచ్చాను. నా పత్రాలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉన్నాయన్న కారణంతో దరఖాస్తు తీసుకోలేదు. కారణాన్ని రాతపూర్వకంగా ఇవ్వవలసిందిగా, లేదా నా దరఖాస్తును స్వీకరించవలసిందిగా కోరుతున్నాను." తెలుగు రాతతో పాటు మరాఠీలో గానీ, హిందీలో గానీ రెండు వాక్యాల సారాంశం జోడిస్తే పని త్వరగా కదులుతుంది, హక్కు ఉన్నంత మాత్రాన చదివేవారు ఆ బల్ల దగ్గర ఉంటారని అనుకోలేం.

జిల్లా కలెక్టరు కార్యాలయంలో ఇవ్వవచ్చు, లేదా రాష్ట్ర ప్రభుత్వ 'ఆపలే సర్కార్' ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టవచ్చు. చేతికి ఇచ్చేటప్పుడు రెండు ప్రతులు తీసుకువెళ్లి, రెండోదాని మీద కార్యాలయం ముద్ర, తేదీ, 'ఆవక్ క్రమాంక్' అనే ఇన్‌వార్డు సంఖ్య వేయించుకోండి. తరువాత ఎప్పుడు అడగడానికి వెళ్లినా వారు మొదట అడిగేది ఆ సంఖ్యనే.